కదలు వలయా, వల లేని లెక్కయా?

మూసాపేట మెట్రో స్టేషనులోనికి రైలుబండి వచ్చునపుడు, ముందున్న గాలి ప్రక్కలకు తొలగును. వెనుక ఏర్పడిన ఖాళీని నింపుటకు చుట్టునున్న గాలి పరుగిడును. ఈ గాలి వేగమును లెక్కకట్టుట ఎట్లు? కంప్యూటరు గాలినంతటిని ఏకముగా పట్టజాలదు. ఆ ప్రదేశమును చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోనికి వచ్చిన గాలికిని, వెడలిన గాలికిని జమాఖర్చు వ్రాయును. ఈ గడుల కూర్పునే మెష్ అందురు. మనము వల యందము. గోడలు కదలనంతవరకు చిక్కు లేదు. బండి కదలినచో దాని నంటియున్న గడులును కదలవలెను.

1974లో హర్ట్, ఆమ్స్‌డెన్, కుక్ అనువారు ఇట్టి కదలు వలకు చక్కని గణిత రూపమిచ్చిరి. వల నేలకు అంటియుండ నక్కరలేదు, గాలితో కొట్టుకొనిపోవ నక్కరలేదు. లెక్కించువాని ఇష్టము వచ్చినట్లు జరుపవచ్చును. ఇది గొప్ప స్వేచ్ఛయే. కాని ఈ స్వేచ్ఛకు సుంకము కలదు. నిశ్చలమైన గాలిలో 10 సెంటీమీటర్ల వెడల్పు గల గడి యున్నదనుకొనుడు. దాని యొక గీతను 1 సెంటీమీటరు బయటికి జరిపితిమి. గీత కేవలము ఊహ. గాలికి దానితో పని లేదు. అయినను ఆ గీత దాటి లోనికి చేరిన గాలిని జమ కట్టుట మరచినచో, పాత గాలినే కొత్త వైశాల్యమునకు పంచుదుము. సాంద్రత 1 నుండి 0.91కి పడిపోవును. ఎవరును ముట్టని గాలి పలుచబడినది! థామస్, లొంబార్డులు 1979లో ఈ దోషమును నివారించు నియమమును స్పష్టపరచిరి. పరీక్ష సులభము: ఏకరీతి గాలిలో వలను ఊరక ఊపవలెను, గాలి ఏకరీతిగనే నిలువవలెను. ఈ పరీక్షా ఫలితము చూపక, రంగురంగుల పటములు మాత్రము చూపు రచనలు నేటికిని కలవు. ఇట్టి లెక్కల సాయముననే విమానపు రెక్కలను, కృత్రిమ హృదయ కవాటములను రూపొందించుచున్నారు గనుక, ఇది చిన్న లోపము కాదు.

వల చిక్కుపడునని దానినే తీసివేయుద మన్నవారిలో మన గుడివాడలో పుట్టిన ఆచార్య సత్య అట్లూరి ముఖ్యులు. 1998లో జూ అను సహకారితో కలిసి వారు ప్రకటించిన పద్ధతిలో గడులు లేవు. చెదరిన బిందువులు మాత్రమే యుండును. ఒక్కొక్క బిందువు చుట్టును చిన్న పరిధి గీచి, అచ్చటనే సమీకరణమును తృప్తిపరచుదురు. భావము అందమైనది, మెలిపడుటకు గడియే లేదు గదా! అయితే పని తగ్గినదా? ఆ పరిధులలో సమాకలనము చేయుట ఖర్చుతో కూడినది. సరిహద్దున ఈ విలువ యుండవలెనని నేరుగా నిర్బంధించుటయు కుదరదు. నియమము తప్పినచో దండుగ వేయు పెద్ద సంఖ్యనొకదానిని చేర్చవలసివచ్చెను. కదలు సరిహద్దుల సమస్యలో సరిహద్దే ప్రాణము. అచ్చటనే ఈ సడలింపు నాకు రుచింపదు. బిందువులు ఒకచోట గుమిగూడి, మరియొకచోట పలుచబడినను ఫలితము చెడును.

మూసాపేట బండి విషయములో ఈ రెండును అతిగా తోచును. బండి వంగదు, ముడుచుకొనదు. దాని చుట్టునున్న గడులను బండితోపాటు తిన్నగా జార్చిన చాలును. అసలు కష్టము తలుపులు మూసికొనునప్పుడు వచ్చును. రెక్కల నడుమ గడి మందము సున్న యగును. సున్నతో లెక్క సాగదు గనుక సన్నని చీలికను వదలుదురు. 1972లో పెస్కిన్ హృదయ కవాటములకై వలను కదల్పకయే, కదలు పొరను దానిలో ముంచి చూపిన మార్గము ఇట్టి తావున మేలు. కాని పొర యంచు కొంత మసకబారును. చీలిక ఎంత వదలిరో, దానిని సగము చేసినచో కారు గాలి ఎంత మారునో చెప్పని వ్యాసమును నేను సగము వ్యాసముగనే చదువుదును.