తొలి ప్రోగ్రామింగ్ అభ్యాసాలు: బొమ్మలు, అక్షరాలు – ఒక విమర్శ

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకొనేవారికి పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు రకాల అభ్యాసాలు ఇస్తాయి. ఒకటి తెరపై బొమ్మ గీయడం. రెండోది స్ట్రింగును, అంటే అక్షరాల వరుసను, విడగొట్టి పరిశీలించడం. వీటిని బేరీజు వేయడానికి ఒక ప్రశ్న చాలు: మీరు తప్పు చేస్తే ఆ తప్పు మీ కంటికి కనిపిస్తుందా?

1. బొమ్మ గీసే అభ్యాసాలు

ఈ పద్ధతికి మూలం 1967లో అమెరికాలో పుట్టిన లోగో భాష. దాని రూపకర్తలలో సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ ముఖ్యులు. తర్వాత ఆ భాషలో తాబేలు చేరింది. 'ముందుకు 100, కుడికి 90' అని ఆదేశిస్తే తాబేలు నడిచిన దారే గీత అవుతుంది. నేటి పైథాన్‌లోని టర్టిల్ మాడ్యూల్ ఈ ఆలోచనకు కొనసాగింపు.

సమబాహు త్రిభుజం గీయమన్నారనుకోండి. లోపలి కోణం 60 డిగ్రీలు కదా అని తాబేలును 60 డిగ్రీలే తిప్పితే, మూడు గీతల తర్వాత బొమ్మ మూసుకోదు. సగం షడ్భుజి మిగులుతుంది. తిరగవలసింది బయటి కోణం, అంటే 120 డిగ్రీలు. తప్పును తెరే చూపించింది. పక్కన అధ్యాపకుడు లేని దూరవిద్యలో ఇది గొప్ప మేలు. అయితే జవాబు మొత్తం అచ్చువేసి 'ఇలా టైపు చేయండి' అనే పుస్తకాలు ఈ మేలును పోగొడుతున్నాయి. బొమ్మ వస్తుంది, కారణం మాత్రం తెలియదు.

2. స్ట్రింగు అభ్యాసాలు

మాటను తిరగేసి, ముందు నుంచీ వెనుక నుంచీ ఒకేలా ఉందో లేదో చెప్పమనడం అందరికీ తెలిసిన అభ్యాసం. ఆంగ్ల లిపిలో 'లెవెల్' ఇస్తే ప్రోగ్రామ్ అవునంటుంది. విద్యార్థి తృప్తిపడతాడు. ఇప్పుడు మనందరికీ తెలిసిన 'వికటకవి' ఇచ్చి చూడండి. అదే ప్రోగ్రామ్ కాదంటుంది!

కారణం ఇది. మనకు ఈ మాటలో అక్షరాలు ఐదు: వి, క, ట, క, వి. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుడికి మరో సంకేతం ఉంటాయి. కాబట్టి పైథాన్ ఏడు లెక్కిస్తుంది. తిరగేసినప్పుడు చివరి 'వి'లోని గుడి హల్లును వదిలి మొదటికి వస్తుంది. మొదటి 'వి'లోని గుడి 'క'కు అంటుకొని 'కి' అవుతుంది. ఇలాగే 'శ్రీనివాస్' పేరులో మొదటి అక్షరం అడిగితే 'శ్రీ' రాదు, 'శ' మాత్రమే వస్తుంది.

ఇది తెలుగు లోపం కాదు, మీ లోపమూ కాదు. ఆంగ్ల ఉదాహరణలతోనే ఆగిపోయిన అభ్యాసం లోపం. ఆ ఉదాహరణలలో అక్షరమూ సంకేతమూ ఒకటే కావడంతో తప్పు దాగి ఉంటుంది. అది తెలియకుండా ఉద్యోగంలో చేరినవారు రాసే ప్రోగ్రామ్‌లో రేపు ఎవరి పేరో సగానికి తెగిపోవచ్చు.

సవరణ మీకు అందుబాటులోనే ఉంది. గుణింతపు గుర్తులను, సున్నాను, పొల్లును ముందున్న హల్లుతో కలపండి. పొల్లు వెంటనే మరో హల్లు వస్తే దాన్నీ అందులోనే కలపండి. అలా వచ్చిన అక్షరాల జాబితాను తిరగేయండి.

3. ముగింపు

మంచి అభ్యాసం తప్పును దాచదు. బొమ్మల అభ్యాసాలకు ఈ గుణం సహజంగానే ఉంది. స్ట్రింగు అభ్యాసాలకు దాన్ని మనం తెచ్చిపెట్టాలి. అందుకు తేలికైన దారి, ప్రతి ప్రోగ్రామ్‌నూ ఒక తెలుగు మాటతో పరీక్షించడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'అమ్మ' అనే మాటలో అక్షరాలు ఎన్ని? యూనికోడ్ సంకేతాలు ఎన్ని?
2. తాబేలును ప్రతిసారీ 144 డిగ్రీలు తిప్పుతూ ఐదు సమానమైన గీతలు గీస్తే ఏ బొమ్మ వస్తుంది? ముందు కాగితంపై ఊహించి, తర్వాత తెరపై సరిచూడండి.
3. 'ము 100 కు 120' అనే స్ట్రింగును ఖాళీల దగ్గర విడగొట్టి, ఆ ఆదేశాల ప్రకారం తాబేలును నడిపించే ప్రోగ్రామ్ రాయండి. విడగొట్టాక '100' ఇంకా స్ట్రింగేనని, దాన్ని సంఖ్యగా మార్చుకోవాలని గుర్తుంచుకోండి.