గులాబీ రంగు రాని గాజుగొట్టాలు

పార్కిన్సన్స్ వ్యాధికి ఇప్పటికీ ప్రధానమైన మందు లెవోడోపా. నాకు మాత్రం ఆ మందుకన్నా, దానికి దారి వేసిన రెండు ప్రయోగాల పనితనమే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

మొదటిది 1957లో, స్వీడన్‌లోని లుండ్‌లో జరిగింది. ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చింది. మన సర్పగంధి వేరులో ఉండే పదార్థమే అది. అప్పట్లో రక్తపోటుకూ మానసిక వ్యాధులకూ వాడేవారు. కుందేళ్లు చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. డోపా (లెవోడోపా దీని రూపమే) ఎక్కిస్తే కాసేపటికే లేచి తిరిగాయి. డోపా శరీరంలో చివరికి నారడ్రినలిన్ అనే నాడీ రసాయనంగా మారుతుంది, రిసర్పిన్ దాన్ని ఖాళీ చేస్తుంది. ఇంకేం, లెక్క సరిపోయిందని మరొకరైతే వ్యాసం రాసేసి చేతులు దులుపుకునేవారు. కార్ల్‌సన్ ఆ మెదళ్లలో నారడ్రినలిన్ ఎంతుందో కొలిపించారు. అది పెరగనే లేదు! మరి కుందేళ్లను లేపిందేమిటి? డోపాకూ నారడ్రినలిన్‌కూ నడుమ పుట్టే డోపమిన్ మీదికి అనుమానం మళ్లింది. అంతవరకూ దాన్ని ఉత్త ముడిసరుకుగానే చూసేవారు. మెదడులో దాన్ని కొలవడానికి తగిన పద్ధతి లేకపోతే అదీ వాళ్లే తయారు చేసుకున్నారు. రిసర్పిన్‌తో డోపమిన్ తరిగిపోతుందనీ, డోపాతో మళ్లీ నిండుతుందనీ 1958లో చూపించారు. కదలికలను నడిపే మెదడు భాగమైన స్ట్రయేటమ్‌లోనే అది ఎక్కువగా ఉందని మరుసటి ఏడాది తేలింది.

ఆ మాట అందుకున్నది వియన్నాలోని ఒలేహ్ హార్నికీవిచ్. హెర్బర్ట్ ఎహ్రింగర్‌తో కలిసి ఆయన చనిపోయిన రోగుల మెదళ్లు సేకరించారు. పార్కిన్సన్స్ లక్షణాలున్నవారివి 6, నరాల జబ్బులేవీ లేనివారివి 17. వాటితోపాటు హంటింగ్‌టన్స్ వంటి ఇతర కదలికల జబ్బులవి కూడా పెట్టుకోవడంలోనే ఉంది అసలు నేర్పు. అవి లేకపోతే, దీర్ఘరోగంతో మంచాన పడ్డ ఏ మెదడులోనైనా డోపమిన్ తగ్గుతుందేమోనన్న సందేహం మిగిలిపోయేది. అయొడిన్ కలిపితే డోపమిన్ గులాబీ రంగు తేలుతుంది. మామూలు మెదడు నమూనాల్లో ఆ రంగు వచ్చింది. పార్కిన్సన్స్ నమూనాల్లో దాదాపు రాలేదు. తేడా పరికరం చెప్పకముందే కంటికి తెలిసిపోయింది. 1960లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో ఆ తీవ్రమైన లోటు పార్కిన్సన్స్ గుంపులోనే కనిపించింది.

డోపమిన్‌నే ఇస్తే రక్తంలోంచి మెదడులోకి దాటదు. డోపా దాటుతుంది. 1961లో వైద్యుడు వాల్టర్ బిర్క్‌మాయర్ రోగులకు దాన్ని నరంలోకి ఎక్కించగానే, మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు. ఆ ప్రభావం కొద్ది గంటలే నిలిచేది. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నోటిద్వారా ఇస్తూ మోతాదును మెల్లమెల్లగా పెంచాకే అది రోజూ వాడదగ్గ మందయింది. లోటును పూడుస్తుందే గానీ డోపమిన్ చేసే కణాలు చచ్చిపోకుండా ఆపలేదు. ఏళ్ల తరబడి వాడినవారిలో చాలామందికి అసంకల్పిత కదలికలూ మొదలవుతాయి.

2000లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో కార్ల్‌సన్ ఉన్నారు, హార్నికీవిచ్ లేరు. ఇది అన్యాయమంటూ రెండు వందల మందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. నన్నడిగితే వాళ్లదే న్యాయం. రోగి మెదడులో డోపమిన్ లేదని మొదట కొలిచి చూపించింది ఆయనే కదా.