తీగ తొలగినను తీగ పని తొలగునా?
కారులోని నిస్తంత్రి పెట్టెపై ఒక విమర్శ

ఒక వస్తువు మనకేమి ఇచ్చునో అంగడివాడు చెప్పును. దానికై మనము దేనిని వదలుకొనవలెనో అతడు చెప్పడు. ఆ రెండవ లెక్కను తీయుట భౌతికశాస్త్రము చదివినవారి పని. ఇటీవల కారు గలవారు పలువురు కొనుచున్న ఒక చిన్న పెట్టెను తీసికొని, ఆ రెండు లెక్కలను పక్కపక్కన ఉంచి చూతము.

పెట్టె అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దది. దీనిని డాంగిల్ అనియు, ఎడాప్టర్ అనియు పిలుచుచున్నారు. కారులో ఫోను తీగను తగిలించు యు.ఎస్.బి. రంధ్రమునకు దీనిని తగిలించినచో, ఇక ఫోనుకు తీగతో పని లేదని వాగ్దానము. ఫోను జేబులో ఉండగనే దారి చూపు పటము, పాటలు, ఫోను పిలుపులు కారులోని తెరపైకి వచ్చును. తీగ లేకుండ వార్తను పంపు పద్ధతిని నిస్తంత్రి పద్ధతి అందురు గనుక, దీనిని నిస్తంత్రి పెట్టె అని పిలుతము.

ఈ పెట్టె ఎందుకు పుట్టినది? ఆపిల్ సంస్థవారి కార్‌ప్లే 2014 మార్చిలోను, గూగుల్ సంస్థవారి ఆండ్రాయిడ్ ఆటో 2015 మార్చిలోను వాడుకకు వచ్చినవి. రెండును మొదట తీగతోనే పనిచేసినవి. తీగ లేని కార్‌ప్లేకు 2015లోను, తీగ లేని ఆండ్రాయిడ్ ఆటోకు 2018లోను మార్గ మేర్పడినది. కాని ఫోనును మూడు నాలుగేండ్లకు మార్చువారు కూడ కారును పదేండ్లకు పైగా ఉంచుకొందురు. కావున తీగ కాలమున తయారైన కార్లు ఇంకను రోడ్లపై తిరుగుచున్నవి. మరియొక వింత కూడ కలదు. మన దేశములో అమ్మిన కొన్ని కార్లలో చిన్న తెర గల చవుక నమూనాకు నిస్తంత్రి సౌకర్యముండగా, పెద్ద తెర గల ఖరీదైన నమూనాకు తీగ తప్పనిసరి అయినది. ఎక్కువ సొమ్ము ఇచ్చినవాడే తీగకై వెదకుకొనవలసి వచ్చెను! ఈ లోటును పూడ్చుటకే పెట్టె అవతరించినది. అయితే కారులో తీగతో పనిచేయు కార్‌ప్లేగాని ఆండ్రాయిడ్ ఆటోగాని ముందే ఉన్నచో మాత్రమే ఇది పనిచేయును. పాటలు వినుటకు మాత్రమే యు.ఎస్.బి. రంధ్రమున్న కారులో ఇది నిరుపయోగము.

తీగ చేయుచుండిన పనులు

తీగను తీసివేయుటకు ముందు అది ఏమేమి చేయుచుండెనో తెలిసికొనవలెను. దాని పనులు మూడు: వార్తను మోయుట, విద్యుచ్ఛక్తిని మోయుట, ఏ ఫోను ఏ కారుతో మాటలాడుచున్నదో నిస్సందేహముగా తేల్చుట.

మొదటి పని ఎంత పెద్దదో లెక్క వేయుదము. కారు తెరపై కనబడు చిత్రమును తయారుచేయునది కారు కాదు, ఫోను. తెరపై అడ్డముగా 800, నిలువుగా 480 చుక్కలున్నవనుకొందము. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు కావలెను. సెకనుకు 30 చిత్రములు పంపవలెను. 800 × 480 × 24 × 30 = 27,64,80,000. అనగా సెకనుకు 27 కోట్లకు మించిన బిట్లు. 2000లో వెలువడిన యు.ఎస్.బి. 2.0 ప్రమాణము ప్రకారము తీగలో సెకనుకు 48 కోట్ల బిట్ల వరకు పోవచ్చును. కాని ఫోను చిత్రములను యథాతథముగా పంపదు. ఒక చిత్రమునకును దాని తరువాతి చిత్రమునకును గల భేదమును మాత్రమే లెక్కించి, కుదించి పంపును. అందుచేత అసలు భారము చాల తగ్గును. అట్లు తగ్గినను ఆ భారము బ్లూటూత్‌కు తగినది కాదు. బ్లూటూత్ సామాన్య పద్ధతిలో గరిష్ఠ వేగము సెకనుకు 30 లక్షల బిట్లు మాత్రమే. అది పాటకు చాలును; కదలు బొమ్మకు చాలదు.

పెట్టెలో జరుగునదేమి?

పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు, బ్లూటూత్ రేడియో, వై-ఫై రేడియో ఉండును. అది కారుతో తాను ఫోనునని చెప్పును. ఫోనుతో తాను కారునని చెప్పును. మన పెండ్లిళ్ల పేరయ్యవలె ఇరువైపుల వారికిని తమవాడే అనిపించును. మొదట బ్లూటూత్ ద్వారా ఫోనును గుర్తించి, తన వై-ఫై పేరును, సంకేతపదమును దానికి తెలుపును. అటుపై బొమ్మ, ధ్వని, తెరపై వ్రేలి స్పర్శ అన్నియు వై-ఫై మీదనే నడచును.

బ్లూటూత్ తరంగముల పౌనఃపున్యము సుమారు 2.4 గిగాహెర్ట్జ్. కాంతి వేగమును పౌనఃపున్యముతో భాగించినచో తరంగదైర్ఘ్యము 12.5 సెం.మీ. అని తేలును. ఈ పట్టీలో ఇండ్లలోని వై-ఫై, వంటయింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ ఉన్నవి. సంతరోజు బజారువలె అది రద్దీగా నుండును. కావున బొమ్మను పంపుటకు సాధారణముగా 5 గిగాహెర్ట్జ్ పట్టీని వాడుదురు. అక్కడ తరంగదైర్ఘ్యము సుమారు 6 సెం.మీ.

ఆలస్యము ఎక్కడిది?

పెట్టెను వాడినవారు తరచుగా చెప్పు ఫిర్యాదు ఒకటి కలదు. పాటను ఆపుటకు తెరను తాకినచో, అది వెంటనే ఆగదు. తరంగములు గాలిలో పోవుటకు కాలము పట్టుచున్నదని కొందరు విద్యార్థులు సమాధానము చెప్పుదురు. లెక్క వేసి చూడుడు. ఫోనునకు, పెట్టెకు దూరము ఒకటిన్నర మీటరు. కాంతి వేగముతో ఆ దూరమును దాటుటకు పట్టు కాలము సెకనులో 20 కోట్లవ వంతు. దోషము గాలిది కాదు.

ఫోను బొమ్మను కుదించుటకు కొంత, పెట్టె దానిని అందుకొని తిరిగి యు.ఎస్.బి.లోనికి పంపుటకు కొంత, కారు దానిని విప్పుటకు కొంత కాలము పట్టును. వీనికి తోడు, ధ్వని మధ్యలో తెగకుండుటకై కొంత ధ్వనిని ముందే నిలువచేసి ఉంచుదురు. కుళాయి నీరు ఆగి ఆగి వచ్చు ఊరిలో ఇంటిపై తొట్టి కట్టించుకొనునట్లన్నమాట. తొట్టి పెద్దదైనకొలది నీరు తెగదు; కాని కొత్త నీరు మనకు చేరుట ఆలస్యమగును.

దీనిని విద్యార్థులు స్వయముగా కొలువవచ్చును. కారును నిలిపి ఉంచి, పెద్దల సమక్షమున, తెరను తాకు వ్రేలిని మరియొక ఫోను కెమెరాతో సెకనుకు 30 చిత్రముల చొప్పున తీయవలెను. వ్రేలు తాకిన చిత్రమునకును, తెర మారిన చిత్రమునకును మధ్య ఎన్ని చిత్రములున్నవో లెక్కింపవలెను. ఒక్కొక్క చిత్రము సెకనులో 30వ వంతు. తీగతో పది సారులు, పెట్టెతో పది సారులు కొలిచి సగటు తీసినచో, పెట్టె వలన కలిగిన అదనపు ఆలస్యము తేలును. ప్రకటన చదువుట కంటె ఈ కొలత మేలు.

శక్తి, వేడిమి

రెండవ పని శక్తిది. 5000 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీ 3.85 వోల్టుల వద్ద సుమారు 19 వాట్-గంటల శక్తిని దాచుకొనును. దారి చూపుచు, బొమ్మను కుదించి పంపుచు ఉన్న ఫోను 3 వాట్లు ఖర్చు చేయునని లెక్కకై అనుకొందము. అట్లయిన నిండు బ్యాటరీ ఆరు గంటలకు కొంచెము పైన వచ్చును. హైదరాబాదు నుండి విజయవాడకు పోవుటకు చాలును. తిరిగి వచ్చుటకు చాలదు.

ఇక్కడ తీగను గూడ మితిమీరి పొగడరాదు. యు.ఎస్.బి. 2.0 రంధ్రము ప్రమాణము ప్రకారము ఇచ్చునది 5 వోల్టుల వద్ద అర ఆంపియరు, అనగా 2.5 వాట్లు మాత్రమే. మన లెక్కలో ఇంకను అర వాటు తరుగు కలదు. తీగ బ్యాటరీని నింపలేదు. తరుగును ఆరవ వంతుకు తగ్గించినది. అంతియే.

పెట్టె వచ్చిన పిదప ఆ 2.5 వాట్లు కూడ ఫోనుకు దక్కవు. అందుకు నివారణగా నిస్తంత్రి చార్జింగు పలకను అమ్ముచున్నారు. దానిలోనిది 1831లో ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే: పలకలో ఒక తీగచుట్ట, ఫోనులో మరియొక తీగచుట్ట. ఒక తీగను వదలుటకై రెండు తీగచుట్టలను ఆశ్రయించితిమి! ఈ బదిలీలో కొంత శక్తి వేడిమిగా వ్యర్థమై ఫోనులోనే చేరును. ఐఫోనును 0 నుండి 35 డిగ్రీల సెల్సియస్ పరిసరములలో వాడవలెనని తయారీదారులే చెప్పుచున్నారు. రామగుండము, రెంటచింతలలో ఎండకాలమున నీడలోనే 40 డిగ్రీలు దాటును. ఎండలో నిలిపిన కారు లోపల ఇంకను ఎక్కువ. వేడెక్కిన ఫోను చార్జింగును ఆపుకొనును, తెర వెలుగును తగ్గించుకొనును. లిథియం అయాన్ బ్యాటరీ ఆయుర్దాయమునకు వేడి పరమ శత్రువు.

మధ్యవర్తిని నమ్మవచ్చునా?

మూడవ పని గుర్తింపు. తీగకు రెండే కొసలు. రెండును కంటికి కనబడును. నిస్తంత్రికి కొస కనబడదు. ఇంటి ముందు ఒకరు కారు నడిపించగనే, ఇంటిలోనున్న మరియొకరి ఫోను దానితో జతపడుటయు, ఆమె మాటలాడుచున్న పిలుపు కారులో వినబడుటయు కద్దు. ఇది నవ్వుకొనదగిన సంగతి. నవ్వుకొనరానిది వేరే కలదు.

2025 ఏప్రిల్‌లో ఓలిగో అను భద్రతా పరిశోధన సంస్థవారు ఆపిల్ ఎయిర్‌ప్లే పద్ధతిలోను, ఇతర తయారీదారులకు ఆపిల్ ఇచ్చు సామగ్రిలోను కొన్ని లోపములను బయటపెట్టి వానికి ‘ఎయిర్‌బోర్న్’ అని పేరిడిరి. కార్‌ప్లే పరికరములు కూడ వాని పరిధిలోనికి వచ్చినవి. వై-ఫై సంకేతపదము సులభముగా ఊహింపదగినదైనచో దగ్గరలోనివాడు చొరబడుటకు వీలుండునని వారు చూపిరి. ఆపిల్ సవరణలు విడుదల చేసినది. కాని సవరణ తయారగుట వేరు, అది ప్రతి కారునకు, ప్రతి పెట్టెకు చేరుట వేరు. పేరు తెలియని తయారీదారు అమ్మిన పెట్టెకు సవరణ ఎవరు పంపుదురు? ఎన్నేండ్లు పంపుదురు? ఈ ప్రశ్నకు సమాధానము లేని పెట్టెను, అది ఎంత చవుకయైనను, కొనరాదని నా అభిప్రాయము.

చూపు ఎక్కడ ఉన్నది?

అన్నిటికంటె ముఖ్యమైన లెక్క కడపట మిగిలినది. నేను వాడి చూచిన పెట్టె మేలుకొని ఫోనును గుర్తించి బొమ్మను చూపుటకు దాదాపు అర నిమిషము పట్టినది. తీగ ఉన్న కాలమున మనిషి కూర్చుండి, ఫోనును తగిలించి, గమ్యమును వ్రాసికొని, అటుపై బండిని కదలించెడివాడు. ఇప్పుడు ఫోను జేబులోనే ఉన్నది; తగిలించు పని లేదు గనుక వెంటనే బయలుదేరును. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. అర నిమిషములో 300 మీటర్లు పోవును. బండి వీధి దాటి పెద్దరోడ్డు చేరు వేళకు తెర వెలుగును. అప్పుడు అతడు గమ్యమును వెదకును. తీగ వలన కలిగిన ఆ చిన్న జాగు వృథా కాదు. అది మనకు తెలియకయే ఒక క్రమశిక్షణగా పనిచేసినది.

డ్రైవరు ఒక్క చూపునకు 2 సెకనులకు మించి రోడ్డుపై నుండి కన్ను మరల్చరాదని అమెరికా రోడ్డు భద్రతా శాఖ 2013లో మార్గదర్శకములు ప్రకటించినది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆ 2 సెకనులలో బండి 33 మీటర్లు పోవును. 2020లో బ్రిటనులో టి.ఆర్.ఎల్. అను సంస్థ, ఐ.ఎ.ఎం. రోడ్‌స్మార్ట్ సంస్థకై కృత్రిమ వాహనముపై ప్రయోగములు చేసినది. వ్రేలితో కార్‌ప్లేను వాడినపుడు డ్రైవరు ప్రతిస్పందన కాలము 57 శాతము, ఆండ్రాయిడ్ ఆటోను వాడినపుడు 53 శాతము పెరిగినది. మాటతో ఆజ్ఞాపించినపుడు కూడ అది వరుసగా 36, 30 శాతము పెరిగినది. మన దేశములో 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము నడపుచు చేతిఫోనును వాడుటను ప్రమాదకరమైన నడకగా పరిగణించినది. ఫోను చేతి నుండి తెరకు మారినందువలన చట్టము ఊరుకొనవచ్చును, భౌతికశాస్త్రము ఊరుకొనదు.

తీర్పు

ఇట్లని పెట్టె నిరర్థకమని నేననను. రోజునకు పది సారులు బండి ఎక్కి దిగు వైద్యునికి, సరకులు చేరవేయువానికి తీగను మాటిమాటికి పెరుకుట విసుగు. రంధ్రము కూడ అరిగిపోవును. వారికి ఇది ఉపకారియే. దూర ప్రయాణమునకు మాత్రము తీగయే మేలు. కొనదలచినవారు పెట్టె మొదటి సంకేతపదమును మార్చ వీలున్నదో లేదో, సవరణలు వచ్చునో రావో ముందు అడుగవలెను. కొనినవారు తెర వెలిగి, గమ్యము వ్రాయుట ముగియు వరకు బండిని కదలింపరాదు. ఆ అర నిమిషము మనకిచ్చుచుండిన తీగ ఇప్పుడు లేదు గనుక, దానిని మనమే ఇచ్చుకొనవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో విద్యుదయస్కాంత తరంగముల పాఠము చెప్పునపుడు ఈ పెట్టెను ఉదాహరణగా తీసికొనవచ్చును. తరంగదైర్ఘ్యము, సామర్థ్యము, ప్రేరణ, వేగము అన్నియు ఇందులో ఉన్నవి. నల్లబల్లపై నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు వచ్చినవి, మరియొకవైపు పోయినవి విద్యార్థుల చేతనే వ్రాయింపుడు.