నలుపు తెలుపుల్లో నిందితురాలు: ‘ఆమె ఎవరు?’ – పునఃపరిశీలన

నలుపు తెలుపు అపరాధ పరిశోధక చిత్రాల ఆకర్షణకు రహస్యమే మూలమని సాధారణ అభిప్రాయం. అయితే రహస్యం తెలిసిన తరువాత కూడా ప్రేక్షకులు వాటిని మళ్లీ ఎందుకు చూస్తారన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు. జగ్గయ్య, జయలలిత నటించిన ‘ఆమె ఎవరు?’ (1966) ఈ చర్చకు అనువైన చిత్రం. హిందీలో 1964లో వచ్చిన ‘వో కౌన్ థీ?’ దీనికి మాతృక.

తొలిసారి చూసినప్పుడు చీకటి, తెల్లచీర, ఎక్కడి నుంచో వినిపించే పాట దయ్యాన్ని స్ఫురింపజేస్తాయి. ఆస్తి కోసం పన్నిన కుట్ర బయటపడ్డాక అవే సాక్ష్యాలవుతాయి. ఉత్కంఠకు అడ్డుతగులుతుందని విమర్శకులు భావించే పాట ఇక్కడ నేరానికి సాధనమైంది. రెండవసారి చూసే ప్రేక్షకుని దృష్టి దయ్యం మీది నుంచి భార్య మీదికి మళ్లుతుంది. నిర్దోషి అయిన ఆమెను భర్తతోపాటు తానూ శంకించిన విషయం అప్పుడు స్ఫురిస్తుంది. స్త్రీని ముద్దాయిగా నిలబెట్టిన ఆ శీర్షికను కూడా ప్రశ్నించక తప్పదు.

కనుక కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి చోట్ల కళాశాల తరగతుల్లో ఈ చిత్రాన్ని బోధించదలచిన అధ్యాపకులు ముగింపును ముందే చెప్పి ప్రదర్శించడం మేలు. విద్యార్థులు నేరస్థుణ్ణి వెదకడం మాని, తమ అనుమానం ఏ దృశ్యంలో మొదలైందో గమనించగలుగుతారు.