సీటు వెనక పట్టుకోకండి

పిల్లలకి సైకిలు నేర్పాలంటే మొదట చెయ్యాల్సింది పెడల్స్ విప్పెయ్యడం. పదిహేనో నంబరు పానా ఉంటే చాలు. కుడివైపుది మామూలుగానే ఊడొస్తుంది. ఎడమవైపు దాంతోనే తిరకాసు, దాని మర ఉల్టా. అలవాటు కొద్దీ తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత సీటు బాగా కిందికి దించాలి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేంత. ఇక పిల్ల నేలని కాళ్లతో నెట్టుకుంటూ పోతుంది. ముందు నడకలా, ఆపైన బారలు బారలుగా. కాసేపటికి కాళ్లు రెండూ పైకెత్తి, సైకిలు ఎటు ఒరుగుతోందో, హ్యాండిల్ ఎటు తిప్పితే నిలుస్తోందో తనే కనిపెట్టేస్తుంది. అది పట్టుబడ్డాక పెడల్స్ బిగిస్తే తొక్కడం ఎంతసేపు!

మా అపార్ట్‌మెంటు వెనక రోడ్డు మీద వేసవి సాయంత్రాలు నేను పిల్లలకి ఇలాగే నేర్పుతుంటాను. నాన్నలకి ఈ పద్ధతి నచ్చదు. వాళ్ల బుర్రలో ఒక సినిమా సీను ఉంటుంది. సీటు వెనక పట్టుకుని పరిగెత్తాలి, పిల్లకి చెప్పకుండా వదిలెయ్యాలి, కళ్లు చెమర్చాలి. కానీ అక్కడ సైకిలుని నిలబెడుతున్నది నాన్న. పిల్లకి అబ్బేది మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడడం. పైగా పడ్డాక, “వదలనన్నావుగా!” అని నిలదీస్తే ఏం చెబుతారు?

మగపిల్లలతో ఈ గొడవ తక్కువ. వాడు పడితే “లేరా, మగాడివి” అంటారు. (అదీ మంచిది కాదు, ఏడ్చే వీలు కూడా వాడికి లేకుండా చేస్తున్నాం. దాని సంగతి ఇంకోసారి.) ఆడపిల్ల సైకిలెక్కిందంటే మాత్రం ఒక్కో బాల్కనీ నుంచీ ఒక్కో కేక. “జాగ్రత్తమ్మా”, “మెల్లిగా”, “మొహానికి దెబ్బ తగిలితే ఎలాగే!” మోకాళ్ల గురించి ఎవరూ అంత బెంగపడగా చూడలేదు. 1999లో బార్బరా మొరాంజెల్లో అనే కెనడా పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆటస్థలంలో స్తంభం పట్టుకుని కిందికి జారే పని పసిపిల్లలకి నేర్పమని తల్లిదండ్రులకి చెప్పి గమనించారు. ఆ పని చెయ్యగలగడంలో ఆడపిల్లలకీ మగపిల్లలకీ తేడా కనపడలేదు. అయినా కూతుళ్లకి చెయ్యి సాయం చటుక్కున అందింది, కొడుకుల్ని ఎక్కువగా సొంతంగా దిగనిచ్చారు.

“నువ్వు ఝాన్సీ లక్ష్మీబాయివే” అని రోజూ అంటూ చెయ్యి మాత్రం వదలకపోతే, పిల్ల నమ్మేది మన మాటని కాదు, ఆ చేతినే.

పడడం ఎలాగూ తప్పదు. పోయిన వేసవిలో మూడో తరగతి పిల్ల ఒకతి మలుపులో జారిపడింది. మోచెయ్యి గీరుకుపోయి ఎర్రగా, అందులో ఇసక రేణువులు. ఏడవలేదు. లేచి సైకిలుని కాలితో ఒక్క తన్ను తన్నింది. “ఛీ, దరిద్రపు సైకిలు!”

బెంచీ మీంచి వాళ్ల నాయనమ్మ, “ఏమే, ఆడపిల్లకి అంత కోపమేంటే! ఏం కాలేదు, దా” అంది.

నేను నీళ్లు పోసి కడుగుతూ, “మండుతోందా?” అన్నాను.

“చెయ్యి కాదాంటీ, దీన్ని చూస్తే మండుతోంది.”

“మండదూ మరి!” అన్నాను, అంతే. కాసేపు గట్టు మీద కూర్చుని సైకిలు వంక గుర్రుగా చూసింది. తర్వాత తనే వెళ్లి లేపింది. ఆ రోజు మళ్లీ ఎక్కలేదు, నేనూ ఎక్కమనలేదు.

ఆ నాయనమ్మది ప్రేమే, సందేహం లేదు. కానీ నెత్తురు కారుతుంటే “ఏం కాలేదు” అన్నామంటే, తన ఒంటికి తెలిసిన సంగతి కంటే పెద్దవాళ్ల మాటే నిజమని పిల్లకి నేర్పినట్టే. మన ఇళ్లలో ఆడపిల్ల భయపడితే ముద్దు, ఏడిస్తే జాలి, కోప్పడితే మాత్రం “రేపు అత్తారింట్లో ఇలాగే చేస్తావా?” ఎనిమిదేళ్లప్పుడు కోపాన్ని దిగమింగడం అలవాటైన పిల్లని పద్దెనిమిదేళ్లప్పుడు ఎవరో ఏడిపిస్తుంటే, ఇంటికొచ్చి చెబుతుందని ఎలా అనుకుంటాం? ఏమైందమ్మా అంటే “ఏం లేదు” అంటుంది.

అసలు చిక్కు నేర్చుకున్నాక వస్తుంది. పన్నెండు, పదమూడేళ్లకి రోడ్డు మీద ఆడపిల్లల సైకిళ్లు మాయమవుతాయి. పెద్దమనిషైతే చాలు, సైకిలు మెట్ల కిందికో తమ్ముడి చేతికో పోతుంది. సైకిలు తొక్కితే కన్నెపొర చిరుగుతుందన్న గుసగుస ఇంకా బతికే ఉంది. ఆ పొర ఆటల్లోనూ సాగొచ్చు, చిరగొచ్చు, కొందరికి పుట్టుకతోనే ఉండకపోవచ్చు. దాన్నిబట్టి ఎవరి గురించీ ఏమీ తేల్చలేమని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఓణీల ఫంక్షన్‌కి వీధి చివర ఫ్లెక్సీ కడతాం. అంతమంది కంట్లో పడేలా పిల్ల ఫొటో పెట్టినవాళ్లమే, మర్నాటి నుంచి ఆ పిల్ల నలుగురి కంట పడకూడదంటాం. ఇందులో తర్కమేమిటో నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ వయసులో సైకిలు ఉండడం, లేకపోవడం చిన్న తేడా కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో కలెక్టర్ షీలా రాణీ చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలు నేర్పడం కూడా చేరిస్తే, వేలాదిమంది పల్లెటూరి ఆడవాళ్లు నేర్చుకుని రోడ్డెక్కారు. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోమని డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కగడితే హైస్కూలు చదువులో చేరిన ఆడపిల్లలు సుమారు 32 శాతం పెరిగారు. ఆంధ్రలోనూ ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిళ్లిచ్చారు. ఊళ్లో బడి లేని పిల్లకి అది చదువు. మా కాలనీ పిల్లకి బడి బస్సుంది. తనకి దక్కేది ఇంకొకటి, ఎవర్నీ బతిమాలకుండా స్నేహితురాలింటికి వెళ్లి, చెప్పిన టైముకి తిరిగొచ్చే వీలు.

ఈమధ్య ఒక నాన్నగారు, “ఇంకెందుకండీ సైకిలు, ఇంటర్‌కొచ్చాక స్కూటీ కొనిపెడదాం” అన్నారు. ఇంటర్‌కి ఇంకా నాలుగేళ్లుంది. లైసెన్సుకి అంతకన్నా ఎక్కువ.

నేనైతే ఇప్పుడే పెద్ద సైకిలు కొనమంటాను. చిన్నప్పటిదైతే మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకుంటాయి. చక్రాలు 24 అంగుళాలో 26 అంగుళాలో, పిల్ల ఎత్తునిబట్టి. షాపుకి తననీ తీసుకెళ్లండి. బ్రేకు లీవరు తన వేళ్లకి అందుతోందో లేదో చూడండి, చాలామంది అది చూడరు. పెడల్ బాగా కిందికొచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి, సీటు ఎత్తు అదీ లెక్క. ఆరునెలలకోసారి మళ్లీ చూసుకోవాలి. గులాబీ రంగుది, ముందు బుట్ట ఉన్నదే షాపువాడు తెచ్చి నిలబెడతాడు. రంగు సంగతి ఆ అమ్మాయికే వదిలెయ్యండి, నలుపు కావాలంటే నలుపే.