ముందు కాళ్ళు కడగండి

పోయిన వారం ఒక పాఠకురాలి ఉత్తరం సంతోషపెట్టింది, చిరాకూ పెట్టింది. వేప మీద నేను రాసినవన్నీ ఆవిడ కత్తిరించి దాచుకున్నారట. అది సంతోషం. వాళ్ళ లాబ్రడార్‌కి ప్రతి ఏడూ వానలు వెనకబట్టగానే దురద మొదలవుతుంది. పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకుంటుంది, మూతిని సోఫాకేసి రుద్దుతుంది, చెవులు విదిలిస్తూ రాత్రంతా పడుకోదు, ఎవరినీ పడుకోనివ్వదు. వేపనూనె పట్టించమంటారా అని అడిగారు. ఉత్తరానికి జతగా వాట్సాప్‌లో తిరుగుతున్న చిట్కాల జాబితా కూడా పంపారు: వెల్లుల్లి ముద్ద, యాపిల్ సైడర్ వెనిగర్, టీ ట్రీ ఆయిల్, పసుపు. జాబితా పైన ఒక మాట ఉంది. ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవి కనుక హాని లేదట. నాకు చిరాకు తెప్పించింది ఆ ‘కనుక’.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పట్టుదలలు తెలిసినవే. తుమ్మితే మాత్ర, దగ్గితే మాత్ర నాకు గిట్టదు. ఇంటికో వేప, వీధికో కానుగ ఉండాలని ఎన్నోసార్లు రాశాను, మళ్ళీ రాస్తాను. కానుగ పేరు వస్తే నాకు మా మేనమామే గుర్తొస్తాడు.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పశువుకి ఏం వచ్చినా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు. దొడ్లో పెద్ద కానుగ చెట్టు. ఎండిన కాయలు కొట్టి, గింజలు గానుక్కి పంపి నూనె తీయించేవాడు. ముదురు రంగు, ముక్కు బద్దలయ్యే వాసన. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిన కుక్క వీధిలో కనబడితే చాలు, దాన్ని మచ్చిక చేసి దొడ్లోకి తెచ్చేవాడు. కానుగ నూనెని మూకుట్లో గోరువెచ్చగా చేసి, గంధకం పొడి కలిపి, కర్రపుల్లకి గుడ్డ చుట్టి పట్టించేవాడు. నేను కుక్కని పట్టుకోవాలి. “ఒరేయ్ అబ్బాయ్, దాని మూతికి గుడ్డ కట్టావా? నాకిందంటే కక్కుద్ది” అని ప్రతిసారీ అడిగేవాడు. కట్టానని చెప్పినా తన చేత్తో తడిమి చూసుకునేవాడు. మందు ఆరేదాకా దాని పక్కనే కుక్కి మంచం వేసుకుని కూర్చునేవాడు. కొన్ని వారాలకి ఆ కుక్కకి కొత్త బొచ్చు వచ్చేది. ఊళ్ళో సగం కుక్కలు ఆయన వెనకే తిరిగేవి.

ఈ జ్ఞాపకం తలుచుకుంటూ, పాఠకురాలికి కానుగ నూనే రాయమని జవాబు ఇవ్వబోయాను. రాయలేదు. మామయ్య వైద్యం చేసింది గజ్జికి. ఆ జబ్బు తెచ్చేది చర్మంలో బొరియలు చేసే సన్నని పురుగు. గంధకం దాన్ని చంపుతుంది, మనుషుల గజ్జికి కూడా ఇప్పటికీ వాడే మందే అది. ఏటా ఒకే కాలంలో వచ్చే అలర్జీలో చంపడానికి పురుగేమీ లేదు. గాలిలో తేలే పుప్పొడిని కుక్క ఒళ్ళు శత్రువనుకుని తిరగబడుతుంది. మనకైతే అది తుమ్ములుగా, కళ్ళ నీళ్ళుగా బయటపడుతుంది. కుక్కకి ఎక్కువగా చర్మం మీద తేలుతుంది: వేళ్ళ సందులు, చంకలు, పొట్ట, చెవులు. ఇప్పటికే మండుతున్న ఆ చర్మం మీద ఘాటు నూనె పోస్తే మంట పెరుగుతుంది.

పైగా కుక్క ఒంటికి రాసింది సగం దాని కడుపులోకే పోతుంది. మామయ్య గుడ్డ కట్టించింది అందుకే. వేపనూనె మింగితే వాంతులు, చొంగ కారడం. పసిపిల్లలకి వేపనూనె తాగించి ప్రాణం మీదికి తెచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వేపని ఇంత ప్రేమించే నేనే చెబుతున్నాను, ఈ పనికి వేపనూనె వద్దు. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలని పగలగొడతాయి. చిక్కటి టీ ట్రీ ఆయిల్ కొద్ది చుక్కలకే వణుకు పుట్టించి, కాళ్ళు పడిపోయేలా చేయగలదు. పచ్చి చర్మానికి వెనిగర్ ఎలా ఉంటుందో, గోరు చీలిన వేలికి నిమ్మరసం తగిలినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మరి ఏం చేయాలి? నీళ్ళు వాడాలి. బయట తిరిగొచ్చిన ప్రతిసారీ నాలుగు పాదాలూ చల్లటి నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు కూడా తడి లేకుండా తుడవాలి. పొట్టనీ మూతినీ తడిగుడ్డతో తుడవాలి. వేళ్ళ మధ్య తేమ మిగిలితే అక్కడ బూజు చేరి కొత్త దురద పుడుతుంది కాబట్టి తుడవడం కడగడమంత ముఖ్యం. మన పాత ఇళ్ళలో గుమ్మం ముందు నీళ్ళ గోలెం ఉండేది. కాళ్ళు కడుక్కోనిదే పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ మర్యాద కుక్కకీ కావాలి, ఎందుకంటే పుప్పొడి ఇంట్లోకి వచ్చేది దాని కాళ్ళతో, బొచ్చుతోనే.

వారానికో స్నానం. వేడినీళ్ళు వద్దు, దురద రెచ్చిపోతుంది. ఏమీ కలపని ఓట్స్‌ని మెత్తగా పొడి కొట్టి గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఒళ్ళు తడిపితే మంట చల్లబడుతుంది, ఓట్స్‌లో వాపుని తగ్గించే పదార్థాలు నిజంగానే ఉన్నాయి. చేపనూనె కొన్నిటికి మేలు చేస్తుంది గానీ ఫలితానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, ఎంత పోయాలో బరువు చూసి డాక్టరు చెప్పాలి. కోస్తాలో ఉన్నవాళ్ళు కవళ్ళు ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి పెట్టవచ్చు.

ఇంకో పని చేయండి. గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో, గోకుడు మొదలైన రోజు దగ్గరా ఆగిన రోజు దగ్గరా గుర్తు పెట్టండి. ఏడాదంతా గుర్తులే ఉంటే అది కాలానికి వచ్చేది కాదు. ఇంటి దుమ్ములో పురుగులో, ఒంటి మీద గోమార్లో, తినే తిండో కారణమవుతుంది. కోడిమాంసం, పాలు, గోధుమ పడని కుక్కలు ఎన్నో ఉన్నాయి. చలవ చేస్తుందని రోజూ పెట్టే పెరుగన్నమే దురద పెట్టేది కావచ్చు.

ఇవన్నీ చేసినా పుళ్ళు పడి రసి కారుతున్నా, చెవుల్లోంచి వాసన వస్తున్నా, రాత్రి నిద్ర లేకున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన ఇచ్చిన మందు వేయండి. దురద సంకేతాన్ని ఒంట్లోనే ఆపే ఓక్లాసిటినిబ్ లాంటి మందులు 2013 నుంచి వాడకంలో ఉన్నాయి. మన జలుబు బిళ్ళ, పారాసిటమాల్ మాత్రం సొంతంగా ఇవ్వకండి, కుక్కకి అవి విషం కాగలవు. మాత్రల మీద నా అయిష్టం నా ఒంటికి సంబంధించినది. దాని కోసం నోరులేని జీవి రాత్రంతా గోక్కోవడం నాకు ఇష్టం లేదు.

1941లో విట్టిచ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక కుక్కకి ఏటా శరత్కాలంలో వచ్చే పుప్పొడి జ్వరం గురించి రాశాడు. ఆ దేశంలో ఆ కాలాన గాలి నిండా ఉండేది రాగ్‌వీడ్ పుప్పొడి. దానికి దాయాది మొక్క మన ఖాళీ స్థలాల నిండా ఉంది: వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర కంటబడి దేశమంతా పాకింది. దాన్ని తినే పెంకుపురుగుని మెక్సికో నుంచి తెప్పించి 1984లో వదిలారు, అయినా వానలు పడితే నడుమెత్తు లేస్తూనే ఉంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. మన చర్మానికీ పడదు, ఆయాసమూ తెస్తుంది. సాయంత్రం గొలుసు పట్టుకుని మనం కుక్కని తిప్పేది సరిగ్గా దాని మధ్యనే. ఆ పొదల్ని వదిలేసి కుక్కకి ఏ నూనె పట్టించినా ఉపయోగం లేదని ఇప్పుడు నా నమ్మకం. పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి. పూసినదాన్ని కదిలిస్తే పుప్పొడి మన మీదే పడుతుంది.

మా వీధి చివరి స్థలంలో ఈ ఆదివారం పీకుతున్నాం, ఉదయం ఆరింటికి, నేల ఇంకా తడిగా ఉండగానే. చుట్టుపక్కల ఉన్న పాఠకులు రావచ్చు. రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్ళు రావద్దు. కుక్కల్ని ఇంట్లోనే ఉంచి రండి.