కొత్త మొక్క అని ఎప్పుడనాలి?

సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల పోయే బస్సు రాజుపాలెం దాటేటప్పుడు రోడ్డుకు రెండు పక్కలా మిరప, పత్తి చేలు కనపడతాయి. దూరంగా బెల్లంకొండ వైపు కంపలు కమ్మిన కొండలు. మేకలు తోలుకెళ్లేవాళ్లకు తప్ప ఆ కొండలతో ఎవరికీ పెద్ద పని ఉండదు. ‘ఏముందక్కడ, ముళ్లకంప’ అని తేల్చేస్తాం. అయితే పల్నాటి చిట్టడవుల్లో మనం పేరు పెట్టి పిలిచే ప్రతి చెట్టుకూ, తీగకూ, గడ్డికీ ఎవరో ఒకరు మొట్టమొదట కొలతలు తీసి, వర్ణన రాసి, శాస్త్రనామం పెట్టి అచ్చు వేయించారు. బీడీ ఆకునిచ్చే తుమికి చెట్టుకు ఆ పని జరిగింది 1795లో. ఇప్పటికీ అది జరగని మొక్కలున్నాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 2,000 మొక్కలు కొత్త జాతులుగా అచ్చులోకి వస్తున్నాయి.

పత్రికల్లో ‘కొత్త మొక్కను కనుగొన్న అధ్యాపకుడు’ అనే వార్త చదివితే, ఆయన ఏ కీకారణ్యంలోనో ఎవరూ చూడని పువ్వును చూశాడనుకుంటాం. అలా జరిగేది బహు తక్కువ. తిరుమల కొండల్లో ఒక సాంబ్రాణి జాతి చెట్టుంది. దాని బంక ధూపానికి పనికొస్తుందని చుట్టుపక్కల వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఏడుకొండలు ఎక్కే భక్తుల కళ్లముందు పెరిగే ఆ చెట్టుకు 1961 దాకా సొంత శాస్త్రనామం లేదు. ఆ ఏడాది ఎన్.పి. బాలకృష్ణన్, ఎ.ఎన్. హెన్రీ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా అని వర్ణించారు. దేశంలో చాలాచోట్ల ఉండే మరో సాంబ్రాణి చెట్టు, బాస్వెల్లియా సెర్రేటాకు చిట్టి ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. తిరుమల చెట్టుకు అవి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. తేడా అందరికీ కనపడేదే. ఆ తేడాను రుజువులతో సహా కాగితం మీద పెట్టినవాళ్లు మాత్రం అప్పటిదాకా లేరు.

అందుకే నా లెక్కలో కొత్త జాతి పుట్టేది అడవిలో కాదు, బల్ల మీద. అడవిలో చేసే పనికి కాళ్లు కావాలి, బల్ల మీద పనికి ఓపిక కావాలి. ఈ రెండోది మన డిగ్రీ కాలేజీల్లో ఎలా నడుస్తుందో బాటనీ చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాత బ్యాచ్ వాళ్ల హెర్బేరియం షీట్లు తెచ్చి, లేబుల్ మార్చి, మార్కులు వేయించుకున్నవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. ఎండు మొక్కను అట్టకు అతికించడం పిల్లల పనిలా కనపడుతుంది గానీ, మొక్కలకు పేరు పెట్టే సంప్రదాయం మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

సరిగ్గా చేసేవాడు ఎలా చేస్తాడంటే, ముందు మొక్కను పూతతో, వీలైతే కాయతో కలిపి తీస్తాడు. ఒట్టి ఆకులతో జాతిని నిర్ణయించడం చాలా కుటుంబాల్లో కుదరదు. చిన్న మొక్కయితే వేరుతో సహా తీస్తాడు, కానీ చుట్టూ అలాంటివి పది కనపడితేనే. రెండే ఉంటే ఫొటో తీసుకుని వదిలేస్తాడు. తెంపిన క్షణమే నోట్‌బుక్ తెరుస్తాడు. ఎండితే పోయేవన్నీ అప్పుడే రాసుకోవాలి: పువ్వు రంగు, వాసన, గిల్లితే పాలు కారుతాయా లేదా, ఎత్తెంత, నేల ఎర్రదా, నల్లదా, సున్నపురాయా, పక్కన ఏ చెట్లున్నాయి. ప్రతి నమూనాకూ ఒక సంఖ్య ఇస్తాడు. ఆ సంఖ్యే చీటీ మీదా, నోట్‌బుక్‌లోనూ ఉంటుంది. ఆ మనిషి జీవితకాలంలో దాన్ని మరో మొక్కకు వాడడు.

తర్వాత ప్రెస్. పాత దినపత్రికల మడతల మధ్య మొక్కను పరిచి, మధ్యమధ్య బ్లాటింగ్ కాగితాలు పెట్టి, రెండు చెక్క చట్రాల నడుమ బిగిస్తారు. పొడుగు మొక్కను విరవకుండా వంకర్లుగా మడుస్తారు. ఒకటి రెండు ఆకుల్ని తప్పనిసరిగా తిరగేసి పెడతారు, ఎందుకంటే ఆకు అడుగున ఉండే నూగు, ఈనెలే చాలాసార్లు తీర్పు చెబుతాయి. వానాకాలంలో రోజూ కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. కండపట్టిన మొక్కలది మరో తంటా. మన గుట్టల్లో కుందేటి కొమ్ములు అనే ఆకుల్లేని మొక్క ఉంటుంది, పిల్లలు పుల్లపుల్లగా నమిలేది. అలాంటివి ప్రెస్సులో వారాల తరబడి బతికే ఉంటాయి. మరిగే నీళ్లలో ముంచి తీస్తేగానీ ఎండవు. ఎండిన మొక్కను సుమారు 42 సెంటీమీటర్ల పొడుగు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి అట్టకు అతికించి, కాడల్ని దారంతో కుట్టి, కింద కుడి మూలన లేబుల్ అంటిస్తారు. రాలిన పూలకు చిన్న కవరు. పురుగు పట్టకుండా పూర్వం పాదరసపు విషద్రావణం పూసేవారు. పనివాళ్ల ఆరోగ్యానికి అది చేటు కాబట్టి ఇప్పుడు చాలాచోట్ల గడ్డకట్టే చలిపెట్టెల్లో ఉంచి పురుగును చంపుతున్నారు.

ఇంతవరకూ చేసింది సేకరణే. అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది: ఇది కొత్తదా?

మొదట పుస్తకాల్లో వెతకాలి. మన ప్రాంతానికి ఆధారం జె.ఎస్. గాంబుల్ మొదలుపెట్టి సి.ఇ.సి. ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథం. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత నల్లమల మీద జె.ఎల్. ఎల్లిస్ రాసిన రెండు సంపుటాలు, 1997 నుంచి అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టి. పుల్లయ్య, ఆయన సహచరులు వెలువరించిన ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద సంపుటాలు. వీటిలో ‘ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా’ లాంటి జంట ప్రశ్నలు వరుసగా ఉంటాయి. ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటూ పోతే పేరు దగ్గర ఆగుతాం. ఎక్కడా ఆగకపోతే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. కానీ తొందరపడకూడదు. తెలిసిన మొక్కే నీరు లేని నేలలో బక్కచిక్కి వేరుగా కనపడుతుండొచ్చు. ఒడిశాలోనో శ్రీలంకలోనో తెలిసినది ఇక్కడ మొదటిసారి దొరికి ఉండొచ్చు. లేదా వందేళ్ల కిందట ఎవరో పేరు పెడితే అందరూ మర్చిపోయి ఉండొచ్చు. 1753 మే 1 నాటి స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ గ్రంథం మొదలుకుని ముందు పెట్టిన పేరుదే హక్కు అని నియమం. అందువల్ల పాత పేర్లకు ఆధారంగా దేశవిదేశాల్లో భద్రపరిచిన మూల నమూనాలతో సరిపోల్చకుండా కొత్తదనడానికి లేదు. హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల షీట్లున్నాయి. కోయంబత్తూరులో పాత మద్రాసు హెర్బేరియం ఉంది. లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో అంతకు మించిన నిల్వ. ఒకప్పుడు అక్కడికి వెళ్లాల్సిందే. ఇప్పుడు చాలా షీట్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. ఎన్నో ‘కొత్త జాతులు’ ఈ దశలోనే చచ్చిపోతాయి. అది ఓటమి అనుకోను, జల్లెడ బాగా పనిచేస్తున్నట్టు లెక్క.

2010లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ హెర్బేరియం బీరువాల గురించి ఆశ్చర్యం కలిగించే సంగతి చెప్పింది. కొత్తగా వర్ణించిన జాతుల్లో 16 శాతం మాత్రమే మొదటిసారి సేకరించిన ఐదేళ్లలోపు పేరు పొందాయి. దాదాపు నాలుగో వంతు జాతుల నమూనాలు 50 ఏళ్లకు పైగా బీరువాల్లోనే ఉండిపోయాయి. ఎవరో తెచ్చి పెట్టారు, చూసే కన్ను రెండు తరాల తర్వాత వచ్చింది.

మన నేల మీద ఈ విద్య మొదలైన తీరు కూడా చెప్పుకోవాలి. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి వచ్చాడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన దగ్గర మెళకువలు నేర్చుకున్న స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మకాం పెట్టి, 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లేదాకా గోదావరి మన్యం నుంచి తీరం దాకా మొక్కలు పోగుచేశాడు. 1787 ఉప్పెనలో తొలినాటి సేకరణలు, కాగితాలు పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన బలం బొమ్మలు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని, పచ్చి మొక్కను ఎదురుగా ఉంచి, అసలు కొలతల్లో వేయించాడు. పువ్వును విప్పి, కేసరాలు, అండాశయం విడివిడిగా పక్కన వేయించేవాడు. లండన్‌కు పంపిన 500 బొమ్మల్లోంచి అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ ఎంచిన 300 కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా మూడు సంపుటాల్లో, 1795 నుంచి 1820 దాకా వచ్చాయి. తుమికి, బిల్లుడు, ఈ ప్రాంతంలో విషానికి పేరుపడ్డ కొడిశ, ఇందాక చెప్పిన కుందేటి కొమ్ములు, అన్నీ ఆయన వర్ణించినవే. ఆయన పెట్టిన కొన్ని పేర్లకు ఇవాళ ఎండు నమూనా లేదు, ఆ బొమ్మే ఆధారం. చాలా మొక్కల దగ్గర తెలుగు పేరు రాసుకున్నాడు. ఎవరు చెప్పారో మాత్రం రాయలేదు. బొమ్మలు వేసిన చేతుల పేర్లు కూడా ఆ పుస్తకాల అట్టల మీద లేవు. రాక్స్‌బర్గ్ గొప్పతనం మీద నాకు సందేహం లేదు గానీ, ఈ లోటును మాత్రం దాటవేయలేను.

వర్ణన రాయడానికి ఒక వరస ఉంది. మొక్క తీరు, వేరు, కాండం, ఆకు, పూగుత్తి, పువ్వు, కాయ, విత్తనం అని కింద నుంచి పైకి మిల్లీమీటర్లలో నడుస్తుంది. ఎండిన పువ్వును వేడినీళ్లలో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద సూదులతో విప్పి కొలుస్తారు. ఒక్క పువ్వును కొలిస్తే చాలదు, పదింటిని కొలిచి ‘ఇంత నుంచి ఇంత’ అని రాయాలి. వీటన్నిటి కంటే బరువైనవి ఒకటి రెండు వాక్యాలు: దగ్గరి చుట్టంతో దీనికి తేడా ఏమిటో చెప్పేవి. ఆ వాక్యాలు 1935 నుంచి 2011 దాకా లాటిన్‌లో ఉంటేనే చెల్లేవి. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతున్నాయి. తెలుగులో మాత్రమే రాస్తే ఇప్పటికీ చెల్లదు. 1958 నుంచి మరో షరతు కూడా ఉంది: పేరును ఒక ఫలానా నమూనాకు కట్టాలి. 1990 నుంచి అది ఏ హెర్బేరియంలో ఉందో కూడా చెప్పాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వర్ణనతో వాదించనక్కర్లేదు, ఆ షీటు తీసి చూస్తే సరి. శాస్త్రంలో ఇంత నిజాయితీగల ఏర్పాటు తక్కువ. రాసినవాడే తన మాటను కొట్టేయడానికి కావలసిన సాక్ష్యాన్ని భద్రం చేసి పోతాడు.

ఇంత పని ఇప్పటికీ మన పక్కనే జరుగుతోంది. మాచర్ల దాటితే నల్లమల. ఆ కొండల పేరుతో ఎల్లిస్ ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అనే నేలవేము చుట్టాన్ని 1960ల్లో వర్ణించాడు. 2013లో కె. ప్రసాద్, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన బి. రవిప్రసాద్ రావు కలిసి బ్రాకిస్టెల్మా నల్లమలయానమ్ అనే చిన్న దుంప మొక్కను లోకానికి చూపారు. బ్రాకిస్టెల్మాలు ఏడాదిలో ఎక్కువ కాలం నేలలో దుంపగానే ఉంటాయి. తొలకరికి లేచి, కొద్ది వారాలు గడ్డిలో గడ్డిగా పూసి, మళ్లీ మాయమవుతాయి. పువ్వు గోరంత. ఎండాకాలంలో సర్వే చేసేవాడికి ఆ నేల ఖాళీ.

పేరు పెడితే ఏమొస్తుంది? పేరు లేనిదాన్ని ఏ జాబితాలోనూ చేర్చలేం. అంతరించే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టాలన్నా, ఒక క్వారీకి అనుమతి ఇచ్చే ముందు ఆ గుట్ట మీద ఏముందో రాయాలన్నా మొదటి గడిలో పేరుండాలి. పల్నాడు సున్నపురాయి నేల. సున్నపురాయిని అంటిపెట్టుకుని, చిన్న పరిధిలోనే బతికే మొక్కలు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. ఇక్కడ ఆ రాయి మీదే సిమెంటు ఫ్యాక్టరీలూ, సున్నం బట్టీలూ నడుస్తున్నాయి. గనులు వద్దని నా వాదన కాదు. తవ్వేముందు రెండు వానాకాలాలు ఒక మొక్కల మనిషిని తిరగనివ్వడం మాత్రం న్యాయమనిపిస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, కొత్త జాతిని కనుగొన్నవాళ్లెవరైనా ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలిపి, నమూనా అప్పగించాలని చెబుతోంది. అదే చట్టం కింద స్థానిక సంస్థల జీవవైవిధ్య కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి.

నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల కాలేజీల్లో బాటనీ చెప్పే మాస్టార్లకూ, చదివే పిల్లలకూ నా మనవి ఒకటే. మీ పంచాయతీ రిజిస్టరు అడిగి చూడండి. అందులో మీ గుట్ట మీది మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తొలకరి పడ్డాక మేకల కాపరిని వెంటబెట్టుకుని వెళ్లి, లేనివాటిని ఫొటో తీసి చేర్చండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ఒక్క రెమ్మ తెంపకండి. గుర్తుపట్టలేనిది ఎదురైతే హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రానికో, అనంతపురం హెర్బేరియానికో రాయండి. మొక్క పేరు, వాడుక చెప్పిన మనిషి ఒప్పుకుంటే ఆయన పేరు కూడా రిజిస్టరులో రాయండి.